‘మొద్దు’ అనే ముందు ఒక్కమాట

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనందరికీ నకారా కేసు గుర్తుకొస్తుంది. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు, పెన్షన్ అంటే ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు హక్కుగా వచ్చేది అని తేల్చింది. ప్రతి ఏటా ఈ వేదిక మీద కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకుంటాం. అది అవసరమే. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, “మీరు బిల్లుల సంగతి కాకుండా ఇంకేదైనా మాట్లాడండి” అన్నారు. నేను 36 సంవత్సరాలు ట్రెజరీలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. బిల్లుల సంగతి తప్ప నాకు తెలిసింది తక్కువ. కాని గత అయిదారేళ్ళలో మా మనవడి చదువు విషయంలో నేను కొంత నేర్చుకున్నాను. నేర్చుకోకముందు కొన్ని తప్పులు చేశాను. ఆ రెండూ మీ ముందు పెడతాను.

మా మనవడు మూడో తరగతిలో ఉండగా జరిగిన సంగతి. అప్పటికి వాడికి ఎనిమిదేళ్ళు. మాటల్లో దిట్ట. రామాయణం కథ చెబితే మర్నాడు పొల్లుపోకుండా తిరిగి చెప్పేవాడు. పుస్తకం ఇస్తే మాత్రం చెమటలు పట్టేవి. ‘పలక’ అని ఉంటే ‘కలప’ అని చదివేవాడు. ‘17’ చెబితే ‘71’ రాసేవాడు. నోటుపుస్తకంలో గీత మీద ఒక్క అక్షరం నిలిచేది కాదు. స్కూలువారు పిలిచి, “వీడు శ్రద్ధ పెట్టడం లేదు. ట్యూషన్ పెట్టించండి, లేకపోతే టి.సి. తీసుకోండి” అన్నారు. మా అబ్బాయి, కోడలు ఇద్దరూ ఉద్యోగస్తులు. “నేనున్నానుగా, నేను చూసుకుంటాను” అన్నాను.

నేను చూసుకున్న పద్ధతి ఏమిటో చెబుతాను. తప్పు చదివిన ప్రతి మాటా 20 సార్లు రాయించాను. ఇంకా తప్పు చదివితే స్కేలుతో అరచేతి మీద కొట్టాను. నెల తిరిగేసరికి వాడికి రోజూ పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. డాక్టరుకు చూపిస్తే ఏమీ లేదన్నాడు. ఒకరోజు స్కేలు ఎత్తేసరికి వాడు చెయ్యి చాపి, ఏడవకుండా, “తాతయ్యా, నిన్న చదివింది ఇవాళ గుర్తుకు రావడం లేదు. నేను కావాలని చెయ్యడం లేదు” అన్నాడు.

ఆ మాట నేను అంతకుముందు ఒకసారి విన్నాను. 1962లో. అన్నది మా తమ్ముడు.

మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఊళ్ళో సగంమందికి అక్షరాలు నేర్పిన మనిషి. సొంత కొడుకుకు నేర్పలేకపోయానన్న అవమానంతో తమ్ముడిచేత గోడకుర్చీ వేయించేవారు, బెత్తం విరిగేలా కొట్టేవారు. “కావాలని చెయ్యడం లేదు నాన్నా” అని వాడు అరిచేవాడు. అయిదో తరగతితో చదువు ఆపేశాడు. వడ్రంగం నేర్చుకున్నాడు. దూలాన్ని చూసి ఎన్ని అంగుళాలో చెప్పేవాడు. ఒక ఇంటికి తలుపులు, కిటికీలు అన్నింటికీ ఎంత కలప కావాలో కాగితం ముట్టకుండా లెక్క కట్టేవాడు. అటువంటి మనిషిని ఇంట్లో అందరం ‘మొద్దు’ అన్నాం. నేనూ అన్నాను.

బ్యాంకు కాగితం వచ్చినా, కరెంటు బిల్లు వచ్చినా మా ఇంటికి తెచ్చి, “అన్నయ్యా, కళ్ళజోడు మర్చిపోయి వచ్చాను, ఇదేమిటో కాస్త చదువు” అనేవాడు. ఆరేళ్ళ క్రితం వాడు పోయాడు. సామాను సర్దుతుంటే మా మరదలు చెప్పింది, ఆయనకు కళ్ళజోడు ఎప్పుడూ లేదు బావగారూ అని.

మిత్రులారా, మా తమ్ముడికి ఉన్నది ఏమిటో ఇప్పుడు పరీక్షించి చెప్పేవారెవరూ లేరు. కాని మనవడి చేతిలో ఆ స్కేలు గీత చూసిన రోజు నేను స్కేలు అవతల పారేశాను. తెలిసినవాళ్ళను అడగడం మొదలుపెట్టాను.

ముందుగా ఈ ఇబ్బంది అంటే ఏమిటో చెప్పుకుందాం. దీన్ని అభ్యసన వైకల్యం అంటున్నారు. చదవడంలో వస్తే డిస్‌లెక్సియా, రాయడంలో వస్తే డిస్‌గ్రాఫియా, లెక్కల్లో వస్తే డిస్‌కాల్కులియా. ఇది కొత్త రోగం కాదు. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మార్గన్ అనే డాక్టరు, 14 ఏళ్ళ పెర్సీ అనే కుర్రవాడి గురించి వైద్య పత్రికలో రాశాడు. ఆ పిల్లవాడు తెలివైనవాడు, ఆటల్లో ముందుండేవాడు, చూపు బాగానే ఉంది, అయినా చదువు రాలేదు. చదువంతా నోటితోనే చెబితే బడిలో వీడే అందరికంటే చురుకైనవాడు అని వాళ్ళ మాస్టారు అన్నాడట. ‘లెర్నింగ్ డిసెబిలిటీ’ అనే పేరును 1963లో అమెరికాలో శామ్యూల్ కర్క్ అనే విద్యావేత్త వాడుకలోకి తెచ్చాడు. మన దేశంలో 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ అనే హిందీ సినిమా చూసి చాలామంది తల్లిదండ్రులు మొదటిసారి దీని గురించి విన్నారు.

ఇది తెలివితక్కువతనం కాదు. సోమరితనం కాదు. తల్లి పెంపకంలో లోపం అసలే కాదు. మా ఇంట్లో కూడా మొదట నింద కోడలి మీదికే పోయింది, ఉద్యోగం చేస్తూ పిల్లవాణ్ణి పట్టించుకోవడం లేదని. ఆ అమ్మాయి ముందు నేను ఈ వేదిక మీదనుంచి తప్పు ఒప్పుకుంటున్నాను. మాటలోని శబ్దాలకు, రాతలోని గుర్తులకు లంకె వేసే పని కొందరి మెదడులో వేరే తీరుగా, నెమ్మదిగా జరుగుతుంది. ఇది కుటుంబాల్లో వంశపారంపర్యంగా కనిపిస్తుంది. అంటే అది వచ్చి ఉంటే మా వైపు నుంచే వచ్చి ఉండవచ్చు.

మన తెలుగులో ఈ ఇబ్బంది ఎలా కనిపిస్తుందో గమనించండి. ప, ష, వ వంటివి ఒకదానికొకటి పోలి ఉంటాయి. ద, ధ, థ ల తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. పైగా గుణింతం గుర్తులు కొన్ని పైన, కొన్ని పక్కన. వత్తు కిందికి దిగుతుంది. ‘పద్మ’లో మ ను ద కింద చూడాలి, చదివేటప్పుడు తర్వాత పలకాలి. ‘రాష్ట్రం’ అని రాయాలంటే ఒకే అక్షరం కింద రెండు వత్తులు. మనకు అలవాటైంది కనుక కష్టం తెలియదు. తెలుగులో ఒక సుఖం ఉంది. రాసినట్టే పలుకుతాం. ఇంగ్లీషులో ఆ సుఖం లేదు. మన పిల్లలు ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, దానికి తోడు మూడోది మోస్తున్నారు. ఇబ్బంది ఉన్న పిల్లవాడికి ఆ బరువు మూడింతలు.

అనుమానం వచ్చినప్పుడు మొట్టమొదట చేయవలసింది కంటి పరీక్ష, చెవి పరీక్ష. అవి సరిగా ఉన్నాయని తేలాక మనస్తత్వ నిపుణుల దగ్గరకు వెళ్ళాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వచ్చి పిల్లల్ని చూస్తాయి. వారు చూడవలసిన సమస్యల జాబితాలో ఇదీ ఉంది. అక్కడినుంచి జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రత్యేక అవసరాలున్న పిల్లలకోసం మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉంది. అది ముఖ్యంగా మానసిక వికాసంలో వెనుకబడినవారి కోసం ఏర్పడింది. పిల్లవాడు ఏ తరగతి స్థాయిలో చదవగలడు, రాయగలడు, లెక్కలు చేయగలడు అని కొలిచే పరీక్ష సాధనం ఒకటి ఆ సంస్థే తయారుచేసింది.

ఒక హెచ్చరిక. దీనికి మందు లేదు. జ్ఞాపకశక్తి టానిక్కులు, పసరులు, తాయెత్తులు, ‘మూడు నెలల్లో గ్యారంటీ’ కోర్సులు చాలా దొరుకుతాయి. మా ఆవిడ కూడా మూడు సీసాలు తెప్పించింది. సీసాలు ఖాళీ అయ్యాయి. పనిచేసేది ఒక్కటే. సరైన పద్ధతిలో, కొద్దికొద్దిగా, రోజూ, ఓపికగా నేర్పడం. రోజూ, ఓపికగా అంటున్నాను. ఆ రెండూ ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకంటే మన దగ్గర ఎక్కువ ఉన్నాయి.

ఇప్పుడు మేము చేసిన పనులు వరుసగా చెబుతాను. ఇవి మాకు నేర్పింది ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు. నేను ఆమె చెప్పినట్టు అమలు జరిపాను. సర్వీసంతా నేను చేసింది అదే.

మొదటిది, చెవితో మొదలుపెట్టడం. పుస్తకం తెరవకముందే మాటల్ని ముక్కలు చేసి ఆడుకోవాలి. ‘పలక’ అనేటప్పుడు మూడు చప్పట్లు. ‘నగరం’లో ‘న’ తీసేస్తే ఏం మిగిలింది? ‘పలక’ను వెనకనుంచి చెబితే ఏమవుతుంది? ‘కలప’. వాడు దేన్ని పొరపాటుగా చదివేవాడో అది ఆటలో ప్రశ్న అయ్యేసరికి పకపకా నవ్వాడు. మా ఇంట్లో చదువు దగ్గర నవ్వు వినిపించడం అదే మొదలు.

రెండవది, కంటితోబాటు చెయ్యి, నోరు కూడా పనిచేయాలి. పళ్ళెంలో ఇసుక పోసి, వేలితో అక్షరం దిద్దుతూ శబ్దం పైకి పలకాలి. మన వీధిబడుల్లో ఇసుకలో దిద్దించేవారు. మనం దాన్ని పాతకాలం పద్ధతి అని వదిలేశాం. 1930లలో అమెరికాలో ఆర్టన్, గిల్లింగ్‌హామ్ అనేవారు ఇలా కన్ను, చెవి, చెయ్యి కలిపి నేర్పే పద్ధతిని తీర్చిదిద్దారు. ఒకదాన్నొకటి పోలిన అక్షరాలు ఒకే రోజు నేర్పకూడదు. ‘ద’ బాగా కుదిరాక, కొన్నాళ్ళకు ‘ధ’.

మూడవది, జోడు చదువు. నా దగ్గర పాత ‘చందమామ’ బైండు పుస్తకాలు ఉన్నాయి. ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు కాని కథలు అలాగే ఉన్నాయి. ఒక పేరా ముందు నేను చదువుతాను. తర్వాత ఇద్దరం కలిసి చదువుతాం. ఆ తర్వాత వాడొక్కడే. తప్పు చదివితే అయిదు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగుతాను. వాడే సరిచేసుకుంటే సరి, లేకపోతే ఆ మాట నేను చెప్పేస్తాను. వ్యాఖ్యానం ఉండదు, నిట్టూర్పు ఉండదు. నిట్టూర్పు మానడం నాకు చాలా కష్టమైంది.

నాలుగవది, లెక్కలు. ‘సెవెంటీన్’ అనే మాటలో ఏడు ముందు వినిపిస్తుంది. అందుకని వాడు ముందు 7 వేసేవాడు. ‘పదిహేడు’లో పది ముందు వస్తుంది. తెలుగులో చెబుతూ ఒక పది రూపాయల నోటు, ఏడు రూపాయి బిళ్ళలు చేతిలో పెట్టాను. ట్రెజరీలో కట్టలు కట్టినట్టు పదేసి పుల్లలు కట్టలు కట్టించాను. వస్తువు ముందు, బొమ్మ తర్వాత, అంకె చివర. ఎక్కాలు బట్టీ రాకపోతే ఎక్కాల పట్టిక ఎదురుగా పెట్టుకుని లెక్క చేయనిచ్చాను. మనం రెడీ రెకనర్ చూసి జీతాల బిల్లులు కట్టలేదా?

అయిదవది ముఖ్యమైనది, ఆలోచన. చదవడం రాని పిల్లవాడికి ఆలోచించడం కూడా రాదని అనుకుని, అందరం వాడికి జవాబులు అందిస్తూ పోతాం. దానివల్ల రెండూ పోతాయి. అందుకని పుస్తకంతో పనిలేకుండా ఆలోచనకు పని పెట్టాం. పులిజూదం, వామనగుంటలు ఆడేటప్పుడు “ఈ ఎత్తు ఎందుకు వేశావు? తర్వాత నేనేం చేస్తాననుకుంటున్నావు?” అని అడుగుతాను. బజారుకు పంపేముందు, ఒక్కోటి 30 రూపాయల చొప్పున మూడు కొబ్బరికాయలు కొంటే వందకు చిల్లర వస్తుందా, రాదా, సుమారుగా ఎంత అని ముందే చెప్పమంటాను. లెక్క తర్వాత. కథ చదివాక “ఈ రాజు చేసింది న్యాయమేనా? నీకెలా తెలిసింది?” అంటాను. అప్పుడప్పుడు నేనే కావాలని తప్పు చేస్తాను. దాన్ని పట్టుకోవడం వాడి పని. తాతయ్య తప్పు పట్టుకున్న రోజు వాడికి పండుగ. తప్పు అందరూ చేస్తారనీ, వెతికి దిద్దుకోవచ్చనీ దానివల్ల తెలిసింది.

ఆరవది, ఒకేసారి నాలుగు పనులు చెప్పకపోవడం. “స్నానం చేసి, సంచి సర్దుకుని, సంతకం పెట్టించుకుని రా” అంటే ఒకటే గుర్తుంటుంది. గోడమీద పనుల పట్టీ బొమ్మలతో వేసి అంటించాం. అయిన పనికి వాడే టిక్కు పెడతాడు.

ఏడవది నా అలవాటు కొద్దీ పెట్టింది, ఒక రిజిస్టరు. తేదీ, చదివిన పేరా, పట్టిన సమయం, వాడు తనంతట తాను దిద్దుకున్న మాటలు. తప్పుల కాలమ్ పెట్టలేదు. పొద్దున 20 నిమిషాలు, సాయంత్రం 20 నిమిషాలు, అంతకు మించి ఒక్క నిమిషం వద్దు. ఆరు నెలలు పోయాక మొదటి పేజీ తీసి చూపించాను. ఒక పేరాకు 11 నిమిషాలు పట్టినవాడికి అప్పుడు 5 నిమిషాలు పడుతోంది. “ఇది నేనేనా తాతయ్యా?” అన్నాడు.

ఇక కాగితాల సంగతి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో వాటిని 21 చేశారు. అందులో నిర్దిష్ట అభ్యసన వైకల్యం చేరింది. చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. 16వ సెక్షన్ ప్రకారం ఈ ఇబ్బందిని వీలైనంత తొందరగా గుర్తించి, తగిన బోధన పద్ధతులు చేపట్టడం విద్యాసంస్థల బాధ్యత. “టి.సి. తీసుకోండి” అనేవారికి ఈ సెక్షన్ నంబరు మర్యాదగా చెప్పండి. నేను కాగితం మీద రాసి తీసుకువెళ్ళాను. మళ్ళీ టి.సి. మాట రాలేదు.

ధ్రువపత్రం విషయంలో 2018 జనవరి మార్గదర్శకాల్లో ఎనిమిదేళ్ళు నిండాక పరీక్ష చేసి ఇవ్వాలనీ, 14 ఏళ్ళకు, 18 ఏళ్ళకు మళ్ళీ పరీక్షించాలనీ ఉంది. 2024 మార్చిలో మార్గదర్శకాలను సవరించారు. కనుక దరఖాస్తు పెట్టేముందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఇప్పటి నిబంధన అడిగి తెలుసుకోండి. సి.బి.ఎస్.ఇ. పరీక్షల్లో అదనపు సమయం, చెబితే రాసిపెట్టే లేఖకుడు, ఒక భాషనుంచి మినహాయింపు వంటి సౌకర్యాలు ఉన్నాయి. బోర్డును బట్టి ఇవి మారతాయి. పదో తరగతి పరీక్షలకు నెల ముందు పరుగెత్తితే పని కాదు. తొమ్మిదో తరగతి మొదట్లోనే ఫైలు కదలాలి.

ఈ ధ్రువపత్రం దగ్గర మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. మా అబ్బాయి, “నాన్నా, మీరే వాడికి వికలాంగుడని ముద్ర వేయిస్తారా? రేపు పెళ్ళి, ఉద్యోగం సంగతి ఏమిటి?” అన్నాడు. రెండు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. వాడి బాధ తప్పు కాదు. తండ్రి కదా. చివరకు కోడలే తేల్చింది. “మామయ్యగారూ, ముద్ర స్కూల్లో ఎప్పుడో పడింది, మొద్దు అని. ఈ కాగితం ఆ ముద్రను కొట్టేస్తే నాకు చాలు” అంది. దానిమీద ఎవరం మాట్లాడలేదు. మర్నాడే దరఖాస్తు పెట్టాం.

ఇప్పుడు మా మనవడు ఎనిమిదో తరగతి. వాడు క్లాసు ఫస్టు వస్తున్నాడని చెప్పడానికి ఇక్కడికి రాలేదు, రావడం లేదు కూడా. ఇంకా నెమ్మదిగానే చదువుతాడు. వత్తులు తప్పుతాయి. ఇంగ్లీషు స్పెల్లింగులతో ఇంకా యుద్ధమే. ఈ ఇబ్బంది పూర్తిగా పోయేది కాదని మాకు చెప్పారు. కాని చదువుతున్నాడు. పొద్దున్నే కడుపునొప్పి లేదు. తెలియనిది తెలియదని భయం లేకుండా అడుగుతాడు. మొన్న నా పెన్షన్ స్లిప్పు తీసుకుని, వేలు పెట్టి, కూడబలుక్కుని మొత్తం చదివి వినిపించాడు. నా కళ్ళజోడు జేబులోనే ఉంది. తీయలేదు.

చివరగా ఒక విన్నపం. మన సంఘ భవనం సాయంత్రం 4 గంటల నుంచి 6 గంటల వరకు ఖాళీగా ఉంటుంది. మనలో రిటైరైన ఉపాధ్యాయులు ఉన్నారు, లెక్కలు తెలిసినవారు ఉన్నారు, కథలు చెప్పగలవారు చాలామంది ఉన్నారు. చుట్టుపక్కల ప్రభుత్వ పాఠశాలల్లో ‘మొద్దు’ అనిపించుకుంటున్న పిల్లలు ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలో నాలాగా ఖాళీగా కూర్చున్న తాతయ్యలు ఉండకపోవచ్చు. భవిత కేంద్రంలోని ఉపాధ్యాయుల సలహా తీసుకుని, వారానికి మూడు రోజులు, ఒక్కో పిల్లవాడికి ఒక్కో పెద్దమనిషి చొప్పున కూర్చుందాం. ఇసుక పళ్ళాలు, పాత పుస్తకాలు నేను తెస్తాను. రిజిస్టరు నేను రాస్తాను. ఇష్టమున్నవారు సభ అయ్యాక నా దగ్గర పేరు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

మా తమ్ముడికి నేను చేయలేనిది ఏదీ ఇప్పుడు దిద్దలేను. కాని “కావాలని చెయ్యడం లేదు” అని ఏ పిల్లవాడైనా అంటే, ముందు నమ్మండి. మిగతాది తర్వాత నేర్చుకోవచ్చు.